నెమలికంఠం రంగు రాయి

వడియాలు పెట్టడం వచ్చినవాళ్ళకి రాళ్ళ విలువ తెలుస్తుంది. గుమ్మడికాయ కోరి, మినప్పప్పు గట్టిగా రుబ్బి, ఉప్పూ పచ్చిమిరపకాయలూ నూరి కలిపి, పాత నూలుచీర పరిచి, దానిమీద ముద్దలు పెట్టేస్తే పని అయిపోదు. చీర అంచులు గాలికి లేవకుండా బరువు పెట్టాలి. లేకపోతే మధ్యాహ్నానికి చీరా వడియాలూ కలిసి ఒకే ముద్ద అవుతాయి. తెనాలిలో మా మేడమీద ఆ పనికోసం నాలుగు ఇటుకలు ఎప్పుడూ ఉంటాయి. అమెరికాలో, షాంటిలీలో మా అమ్మాయి కృష్ణకుమారి ఇంట్లో పియానో ఉంది, ట్రెడ్‌మిల్ ఉంది, గడ్డి కోసే యంత్రం ఉంది. ఒక్క ఇటుక లేదు.

అది 2009 జూన్. నేను వచ్చి ఐదు నెలలు దాటింది. ఇంకో మూడు వారాల్లో తిరుగు ప్రయాణం. వెళ్ళేలోగా ఏడాదికి సరిపడా వడియాలు పెట్టిపోదామని నా ఆరాటం. అంతకుముందు వారమే ఒక రభస జరిగింది. పొద్దున్నే పక్కింటివాళ్ళ గులాబీలు నాలుగు కోసుకొచ్చి దేవుడికి పెట్టాను. మన దగ్గర పూజకు పువ్వులు కోసుకుంటే ఎవరూ కాదనరు. ఆవిడ మటుకు వచ్చి తలుపు కొట్టింది. కుమారి ఆవిడకి పదిసార్లు సారీ చెప్పి, తలుపేసి నావైపు తిరిగింది.

"అమ్మా, ప్లీజ్. ఇక్కడ ఎవరి వస్తువూ అడక్కుండా టచ్ చేయకు. నాకు తలకొట్టేసినట్టుంది."

అరవై మూడేళ్ళు వచ్చాక కూతురిచేత దొంగ అనిపించుకున్నట్టయింది నాకు. రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. ఇంక ఈ ఇంట్లో గడ్డిపోచైనా ముట్టుకోనని ఒట్టు పెట్టుకున్నాను. ఆ ఒట్టు వడియాల రోజు దాకా నిలిచింది.

ఆ బుధవారం కుమారీ అల్లుడూ ఆఫీసులకి వెళ్ళాక, చీర పట్టుకుని బరువులకోసం గరాజ్‌లో వెతికాను. ఓ మూల ప్లాస్టిక్ బుట్ట కనిపించింది. నిండా రాళ్ళు. ఒక్కొక్కటీ బంగినపల్లి మామిడికాయంత ఉంటుంది. ఒకవైపు కత్తితో కోసినట్టు చదునుగా ఉన్నాయి. డెక్‌మీద, అదే ఇంటివెనక చెక్క అరుగుమీద, కదలకుండా కూర్చోవడానికి ఇంతకంటే ఏం కావాలి? తోటలో పరచడానికి అల్లుడు తెచ్చి మర్చిపోయాడనుకున్నాను. అల్లుడి రాయి నాది కాకుండా పోతుందా?

కాని వాటి మురికి చెప్పతరం కాదు. మట్టి, నాచు, దానికితోడు ప్రతి రాయిమీదా గోరంత తెల్లరంగు పూసి, దానిమీద నల్లసిరాతో ఏవో గీతలు. తిండి వస్తువు పక్కన అలాంటివి పెడతానా? దొడ్లో కొళాయి కింద కూర్చుని, ఇనుపపీచుతో, ముందురోజు పులిహోరకి పిండేసిన నిమ్మతొక్కలతో, ఉప్పుతో, ఇత్తడి బిందెలు తోమినట్టు తోమాను. తెల్లరంగు మొండికేసింది కానీ నాకంటేనా? మొత్తం పదకొండు రాళ్ళు. అద్దాల్లా వచ్చాయి.

చీర నాలుగు మూలలకీ నాలుగు, అంచుల వెంబడి ఆరు పెట్టాను. పదకొండోది మాత్రం పెట్టలేదు.

అది చెప్పాలంటే ఇప్పటికీ నాకు సిగ్గే. మిగతావన్నీ తడిస్తే మామూలు పచ్చ. పాచి రంగు, కొన్నిట్లో పెసరపప్పు రంగు మచ్చలు. ఈ ఒక్కటి నీళ్ళు పడగానే వేరే రంగుకి తిరిగింది. పచ్చా కాదు, నీలమూ కాదు. అచ్చం నెమలికంఠం రంగు. నా పెళ్ళిలో మా అత్తగారు పెట్టిన వెంకటగిరి చీర ఆ రంగే. అది చిరిగిపోయి ఇరవై ఏళ్ళయింది. మళ్ళీ ఆ రంగు ఏ కొట్లోనూ దొరకలేదు నాకు. రాతిని చేతిలో అటూ ఇటూ తిప్పాను. ఇన్ని రాళ్ళలో ఒకటి పోతే అల్లుడికేం తెలుస్తుంది అనుకున్నాను. రవికెల గుడ్డలో చుట్టి నా సూట్‌కేసులో, బట్టల మధ్య పెట్టేశాను. ఒట్టూ గట్టూ ఏమీ గుర్తు రాలేదు.

మూడింటికి శ్రీవల్లి వచ్చింది. శ్రీవల్లి అంటే మా అమ్మాయి వాళ్ళ బేస్‌మెంట్‌లో అద్దెకుండే పిల్ల. గోదావరిఖని నుంచి వచ్చింది, తండ్రి సింగరేణి గనిలో పని చేస్తాడు. ఇక్కడ యూనివర్సిటీలో ఎమ్మెస్ చదువుతోంది. షాంటిలీలో తెలుగుపిల్ల ఎమ్మెస్ చదువుతోందంటే కంప్యూటర్లు కాక ఇంకేం చదువుతుంది? నేను అడగలేదు, ఆ పిల్లా చెప్పలేదు. పొద్దున్నే పోయి చీకటిపడ్డాక వచ్చే మనిషి, ఆవేళ ఎందుకో ముందే వచ్చి నేరుగా గరాజ్‌లోకి వెళ్ళింది. కాసేపటికి ఖాళీబుట్ట పట్టుకుని డెక్‌మీదకి వచ్చింది.

"ఆంటీ, దీంట్ల రాళ్ళు ఏడికి పోయినయ్?"

"ఎక్కడికి పోతాయమ్మా, ఇవిగో. ఎంత మురికి పట్టున్నాయో తెలుసా? రెండు గంటలు తోమాను."

ఆ పిల్ల ఒక రాయి ఎత్తి తిప్పి చూసింది. ఇంకోటి ఎత్తింది. ఆ తర్వాత మరోటి.

"తెల్లరంగు మీద నంబర్లు ఉండె గదా ఆంటీ."

"అవి నంబర్లా?"

వడియాల చీర పక్కనే కూలబడిపోయింది. అప్పుడు తెలిసింది నాకు, ఆ పిల్ల చదివేది రాళ్ళ చదువని. రెండేళ్ళుగా ఈ పదకొండు రాళ్ళమీదే థీసిస్ రాస్తోందనీ, లాబ్‌లో నీటిగొట్టాలు బాగుచేస్తుంటే ఆ బుట్టని జాగ్రత్తకోసం ఇంటికి తెచ్చుకుందనీ కూడా. జాగ్రత్తకోసం!

ఆ రాళ్ళు ఇక్కడికి గంటన్నర దూరంలో ఉన్న బ్లూ రిడ్జ్ కొండల్లోవి. ఎప్పుడో కోట్ల ఏళ్ళ కిందట లావా పారి నల్లరాయిగా గడ్డకట్టిందట. దానిమీద మట్టీ ఇసకా పేరుకుని అది కిందికి దిగిపోయిందట. కరిగేంత వేడి తగల్లేదు. సన్నటి సెగ, కాస్త నీళ్ళు, బోలెడంత కాలం. ఆ సెగకి నల్లరాయి లోపల్లోపలే మారి పచ్చరాయి అయిందట.

"మామిడికాయని గడ్డిలో మాగేసినట్టన్నమాట," అన్నాను. ఏదో ఒకటి మాట్లాడకపోతే నాకు ఊపిరాడేట్టు లేదు.

"గట్లనే ఆంటీ. ఎంత సెగ తాకిందో, లోపల పుట్టిన మినరల్స్‌ని బట్టి చెప్తం. ఒక్కదాన్ని చూసి చెప్పరాదు. ఏవేవి కలిసి ఉన్నయో చూడాలె."

మిగతా పదింట్లోనూ అందరికీ తెలిసిన జట్టే ఉందట. తొమ్మిదో నంబరు రాయిలో మాత్రం ప్రెనైట్, పంపెల్లైట్ అని రెండు కనిపించాయట ఈ పిల్లకి. అవి ఉన్నాయంటే ఆ కొండలో ఆ ముక్కకి తగిలిన సెగ మిగతావాటికంటే తక్కువని. థీసిస్ అంతా ఆ ఒక్క రాయి మీదే నిలబడింది. పరీక్ష చేసేవాళ్ళలో ఒక పెద్దాయన ఒప్పుకోలేదు. "ఈ రెండూ పక్కపక్కనే ఉన్నాయి కానీ తాకి లేవు. ఒకటి ముందు పుట్టి, ఇంకోటి తర్వాత పగుల్లోకి వచ్చిందేమో. అదే రాయి నుంచి ఇంకో పలక కోయించి, ఆనుకుని ఉన్నట్టు చూపించు," అన్నాడట. పలక అంటే కాగితంకంటే పల్చగా అరగదీసి అద్దానికి అంటించే రాతిముక్క. అది కోసే ఆయన మర్నాడు, గురువారం ఒక్కరోజే ఉంటాడు. తర్వాత రెండు వారాలు సెలవు. ఇరవై ఆరున డిఫెన్స్, అంటే ఆ పెద్దలముందు థీసిస్ నిలబెట్టుకునే పరీక్ష. అది తప్పితే ఆగస్టు తర్వాత మాట. చేతిలో ఉన్న ఉద్యోగం జులైలో చేరకపోతే పోతుంది, వీసా మళ్ళీ పొడిగించుకోవాలి.

"పాత పలకతో పోల్చి చూసుకోకూడదూ?"

"అవి లాబ్‌ల బీరువాల ఉన్నయ్. తాళం ప్రొఫెసర్ దగ్గర. ఆయన శుక్రవారం గాని రాడు."

"మరి నువ్వు రాసుకున్న నోటుబుక్కు? ఏ రాయి ఎట్లా ఉంటుందో అందులో ఉండదా?"

లోపలికి వెళ్ళి తెచ్చింది. నాకు ఇంగ్లీషు కూడబలుక్కుని చదవడం వచ్చు. ఒకటో రాయి గురించి నాలుగు లైన్లు రాసింది. రెండో దాని గురించి రెండు లైన్లు. మూడు నుంచి పదకొండు దాకా ఒకటే మాట, 'పైదాని వంటిదే'.

"ఇదేం రాతమ్మా!" అనేశాను. నోరు జారినా నిజమే కదా.

"ఆ రోజు వాన పడుతుండె ఆంటీ," అని ఏడ్చింది. "నంబర్ ఉంది గదా, మళ్ల చూసుకోవచ్చు అనుకున్న."

ఆ ఏడుపు చూస్తుంటే నాకూ కళ్ళనీళ్ళు తిరిగాయి. దాన్ని ఊరుకోబెట్టడానికే అన్నాను, తోముతుంటే కొన్నిట్లో నిమ్మరసం బుసబుస పొంగిందనీ, మురికి ఇంకా పోలేదని వాటిని రెండోసారి తోమాననీ. తలెత్తింది.

"ఏవి పొంగినయ్?"

"ఏవంటే ఏం చెప్పను? తెల్లచుక్కలున్నవి."

లేచి వంటింట్లోకి పరుగెత్తి నిమ్మకాయలు తెచ్చింది. రాళ్ళు తీసేయగానే చీర అంచులు లేచాయి. నేను రెండు మోకాళ్ళూ రెండు చేతులూ ఆన్చి చీర పట్టుకుని కూర్చున్నాను. ఆ పిల్ల ఒక్కొక్క రాతిమీదా చెక్క పిండి, చెవి దగ్గర పెట్టుకుని వింటోంది. పొంగినదాన్ని పక్కన పడేస్తోంది. నేను ఆశ్చర్యపోయాను. పొంగినదే గొప్ప రాయి అనుకున్నాను మరి.

"కాదాంటీ. పొంగిందంటే కాల్సైట్ ఉన్నట్టు. ఉన్న కాల్షియం అంత అదే మింగుతది. నాకు కావల్సినయి దాంట్ల పుట్టవు."

ఏడు రాళ్ళు పొంగాయి. మూడు పొంగలేదు. ఆ మూడింటినీ నీళ్ళలో ముంచి ఎండలో పట్టి చూసింది. చాలాసేపు చూసింది. మూడింట్లోనూ పెసరపప్పు రంగు చారలే.

"ఇవన్ని ఎపిడోటే, అందరికి తెల్సిన జట్టులదే," అంది మెల్లగా. "ఇంతేనాంటీ. అసలు తొమ్మిదో నంబర్ల గూడ గిదే ఉండెనేమో. పెద్దాయన చెప్పిందే నిజమేమో. లేని దాన్ని నేనే చూసుకున్ననేమో రెండేండ్లు."

రాళ్ళు లెక్కపెట్టుకోలేదు ఆ పిల్ల. అంత దుఃఖంలో ఎవరు లెక్కపెడతారు? నేను మాత్రం లెక్కపెట్టక్కర్లేదు. నాకు తెలుసు. తేలు కుట్టిన దొంగలా చీర పట్టుకుని నోరు మూసుకు కూర్చున్నాను. చెబితే కుమారికి తెలుస్తుంది. గులాబీలకే తలకొట్టేసినట్టుందన్న పిల్ల, ఇంట్లో అద్దెకున్న ఆడపిల్ల సామాను నా పెట్టెలో దొరికిందంటే ఏమంటుంది? అల్లుడు పైకేమీ అనడు. ఏమీ అనకపోవడమే నేను భరించలేను. అర్ధరాత్రి మెల్లగా తీసి బుట్టలో పెట్టేద్దామా అని కూడా ఆలోచించాను. ఇంతలో శ్రీవల్లి ఫోన్ తీసింది.

"ఎవరికే?"

"ప్రొఫెసర్‌కి ఆంటీ. తొమ్మిదో నంబర్ తీసేస్తున్న అని చెప్త. తప్పు నాదే అని చెప్త."

ఇంక నావల్ల కాలేదు. చీర వదిలేసి లేచాను. గాలికి ఒక పక్క మడతపడి రెండు వరసల వడియాలు నాశనమయ్యాయి. పోతే పోనీ అనుకున్నాను.

"ఫోన్ లోపల పెట్టు. ఉండిక్కడే," అని లోపలికి వెళ్ళి, రవికెల గుడ్డలో రాతిని తెచ్చి ఆ పిల్ల ఒళ్ళో పెట్టాను.

"పదకొండోది. రంగు బావుందని నా పెట్టెలో దాచుకున్నాను. తెనాలి పట్టుకుపోదామని. నీదని తెలియదు. తెలియకపోయినా తప్పు తప్పే."

శ్రీవల్లి నిమ్మచెక్క పిండింది. చెవి దగ్గర పెట్టుకుంది. నేను కూడా వంగి విన్నాను. చప్పుడు లేదు. నీళ్ళు పోసింది. ఎండలో ఆ రంగు మళ్ళీ పైకి వచ్చింది.

"దీన్నేమంటరు ఆంటీ ఈ కలర్‌ని?"

"నెమలికంఠం."

"మిగతా పది?"

"అవి పాచిరంగు. ఆ చారలు పెసర. దానికీ దీనికీ పోలికే లేదు, కళ్ళున్నవాళ్ళెవరికైనా తెలుస్తుంది."

"నేను రెండేండ్ల నుంచి అన్నింటికి గ్రీన్ అని రాసుకున్న," అని, రాతిని గుండెలకి హత్తుకుని, నవ్వుతోందో ఏడుస్తోందో తెలియకుండా ఊగిపోయింది. నన్ను తిట్టలేదు. తిడితే బావుండేదనిపించింది.

మర్నాడు ఏడింటికే రాయి పట్టుకుని వెళ్ళింది. శుక్రవారం ప్రొఫెసర్ బీరువా తీశాడు. పాత పలకలో రెండుగా చీలిన తెల్లటి గీత ఉంది. రాయి కోసిన ముఖంమీద సరిగ్గా అదే గీత, అద్దంలో చూసినట్టు. రాయి అదే, సందేహం లేదు. ఆ మాట ఫోన్‌లో విన్నాక రెండు రోజుల తర్వాత మొదటిసారి నాకు అన్నం సయించింది. కాని అసలు సంగతి ఇంకా తేలలేదు. కోయించిన పలకని శ్రీవల్లి అరగదీసి, కొత్తగా ఏం కనిపిస్తుందో చూడాలి. ఆ నాలుగు రోజులూ నేను దేవుడికి పెట్టిన దణ్ణాలకి లెక్క లేదు. పువ్వులు మాత్రం కొనే తెప్పించాను.

మంగళవారం పదకొండింటికి ఫోన్ మోగింది.

"ఆంటీ, ఆనుకొనే ఉన్నయ్! ప్రెనైట్, పంపెల్లైట్, వాటితోని మామూలు పచ్చ మినరల్ క్లోరైట్ గూడ, మూడు ఒకదాన్నొకటి తాకుకుంట ఉన్నయ్. ఒక్కచోట గాదు, ఐదు చోట్ల! పెద్దాయన మైక్రోస్కోప్ మీదకెళ్ళి లేస్తలేడు."

ఫోన్ పెట్టేసి వంటింటి నేలమీద అలాగే కూర్చుండిపోయాను. గుండెలమీంచి రోకలి దించినట్టయింది. ఎవరి రాయో, ఎక్కడి కొండో, అందులో మూడు మట్టిరేణువులు తాకి ఉన్నాయంటే నాకెందుకంత సంతోషమని ఎవరైనా అడిగితే చెప్పలేను. కాసేపటికి లేచి పాయసం పెట్టాను. సాయంత్రం కుమారి వచ్చి, పండగేమిటమ్మా అంది. వడియాలు బాగా ఎండాయి అన్నాను.

ఇరవై ఆరున డిఫెన్స్ అయింది. పాసయింది. నా ప్రయాణానికి ముందురోజు శ్రీవల్లి థీసిస్ కాపీ పట్టుకుని పైకి వచ్చింది. రాళ్ళు ఎవరు కడిగారో కుమారికి అప్పటికే తెలుసు. ఆ పిల్లకి తను కూడా సారీ చెప్పింది, నాకు చివాట్లు పెట్టింది. న్యాయమే, పడ్డాను. సూట్‌కేసు సంగతి మాత్రం మా ఇద్దరికే తెలుసు. ఇప్పుడు ఇంగ్లీషులో అచ్చయిన పుస్తకంలో ఏం రాసిందోనని నా భయం. అబద్ధం రాయకూడని పుస్తకమది.

కుమారి సోఫాలో కూర్చుని నాకోసం తెలుగు చేస్తూ చదివింది.

"ఇంట్లో జరిగిన పొరపాటువల్ల నమూనాల మీది నంబర్లు చెరిగిపోయాయి. తొమ్మిదో నమూనాని ఆమ్లానికి పొంగకపోవడాన్నిబట్టి, తడిసినప్పటి రంగునిబట్టి గుర్తించి, తర్వాత పాత పలకతో సరిచూశాను. రంగులోని తేడాని మొదట గమనించినవారు శ్రీమతి రాజేశ్వరమ్మ. అమ్మా, నీ పేరు వేసింది!"

"చదువు, చదువు," అన్నాను.

"ఆ సమయంలో తొమ్మిదో నమూనా మిగతావాటినుంచి వేరుగా భద్రపరచబడి ఉంది." కుమారి తలెత్తింది. "వేరుగా అంటే ఎక్కడ?"

శ్రీవల్లి నావైపు చూడనైనా చూడలేదు.

"మంచి డ్రై ప్లేస్‌ల అక్కా," అంది. "మెత్తటి బట్టలల్ల చుట్టి, చాన జాగ్రత్తగ."

వడియాలు వేయించి తెస్తానని నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను.